తోక కాడి కత్తి

పొద్దున దుకాణంల అద్దం తొట్టి తుడుస్తుంటే నీలం చేప అడ్డం తిరిగి, తోక నా చేతి దిక్కు వంచింది. అంతే, గుడ్డ నీళ్లలనే ఇడిచిపెట్టి చెయ్యి బయటికి గుంజుకున్న. రంగు చేపలు అమ్ముకునే మనిషి చేపకు భయపడుడేందని నవ్వుతరేమో, నవ్వుండ్రి. ఆ తోక ఏం చేస్తదో నేను బాపు చేతి మీద చూసిన.

ఇబ్రహీంపట్నంల ఈ దుకాణం పెట్టిన కొత్తల, ఆదిభట్ల కంపెనీల పనిచేసే ఒక సారు ఊరికి పోతూ తన ఉప్పునీళ్ల తొట్టిని, అందులున్న ఈ చేపను కొన్నాళ్లు చూసుకొమ్మని అప్పజెప్పిండు. "దీన్ని సర్జన్ ఫిష్ అంటరక్కా. తోక మొదట్ల రెండు దిక్కుల కత్తులుంటయి. ఊకె ఉన్నప్పుడు గాడిల ముడుచుకొని ఉంటయి, భయమైతే తెరిచి కొడ్తది. చేత్తోని ముట్టొద్దు" అన్నడు. నేను తలూపి, మేత డబ్బా యాడుందని అడిగిన. నా ధ్యాస గట్లుండె.

బాపు పెద్దచెరువుల వల ఇసిరే మనిషి. ఆయన ఇసిరితే వల గాలిల గుండ్రంగ తెరుచుకునేది. చూడనికి కట్ట మీద బండ్లు ఆపేటోళ్లు. ఆ యేడు చెరువు నిండింది, చేపలు పట్టే రోజులు దగ్గరికొచ్చినయి. ఒకనాడు బాపు దుకాణంల ఉన్నప్పుడు, తొట్టి కడగాలని నేను చిన్న వలతోని చేపను తీస్తుంటే, దాని కత్తి వల కండ్లల్ల చిక్కింది. చేప గిలగిల కొట్టుకుంటున్నది. వలల చిక్కిన చేపను చూస్తూ ఊకునే మనిషా బాపు? జెల్లచేపకు ముండ్లు తల పక్కన ఉంటయి కాబట్టి మా చెరువోళ్ల చెయ్యి ముందుగాల తోక దిక్కే పోతది. "జరుగు బిడ్డా, ముల్లు తలకాడ ఉంటది" అని తోక మొదలు పట్టిండు.

సర్రున కోసింది. కుడిచేతి బొటనవేలు మొదట్ల తెగి నీళ్లు ఎర్రగైనయి. "ఓర్నీ, ఇంతుంది గని!" అని బాపు నవ్విండు. మధ్యాహ్నానికి చెయ్యి ఉబ్బింది, నవ్వు పోయింది. దవాఖానల కుట్లేసిన డాక్టర్, వేలు మల్ల వంగుతదో లేదో కుట్లు ఇప్పినంక చూద్దామన్నడు. బొటనవేలు వంగకుంటే వల పట్టుడెట్ల? నాకు బువ్వ సయించలే. పండుకుంటే సారు చెప్పిన మాటే చెవులల్ల. బాపు నాతోని "ఫికర్ జెయ్యకు" అంటుండె, చూపు మాత్రం చెరువు దిక్కుండె.

కుట్లు ఇప్పినంక ఇద్దరం చెరువుకు పోయినం. బాపు ఇసిరిండు. వల సగమే తెరుచుకొని కుప్పవడ్డది. మల్ల ఇసిరిండు, గట్లనే పడ్డది. కట్ట మీద ఎవలూ బండి ఆపలే. వల మడిచి నా భుజం మీద ఏసి, "పా బిడ్డా, దుకాణం తెరువాలె" అన్నడు. నాకు ఏడుపాగలే.

ఆ సారు బదిలీ మీద పోతూ చేపను మాకే ఇడిచిపోయిండు. బాపు ఇప్పుడు దుకాణంలనే కూసుంటడు. వచ్చినోళ్లకు వంగని వేలు చూపించి, "నాకెవలు చెప్పలే, చెప్తే పట్టకపోదును" అని నవ్వుతడు. సారు చెప్పిండు, విన్నది నేను, బాపుకు చెప్పంది నేను. ఆ మాట బాపుకు చెప్పనికి నిమిషం పట్టది. ఆ నిమిషం రాకనే ఇన్నేండ్లు గడిచిపోయినయి.