ఎర్ర సున్నల వెంకట్రాజం

మా తమ్ముడు వెంకట్రాజం ఇంతవరకూ విమానం ఎక్కలేదు. పక్కనే మామునూరులో నిజాం కాలం నాటి విమానాల మైదానం ఉన్నా, ఒక్కసారైనా పోయి చూడలేదు. అయినా కొత్తవాడలో వాడి ఇంట్లో ఉన్నన్ని విమానాలు ఈ ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేవు. అన్నీ జపాను వాళ్ళవి. అన్నీ యుద్ధానికి పోయిన రకాలు. ఒక్కటీ జానెడుకు మించదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. వీడు బతికే ఉన్నాడు కాబట్టి నాకా తిప్పలు లేవు.

మా నాయన జంపఖానాలు నేసేవాడు. మగ్గం ముందు కూర్చోవడం వీడికి చేతకాలేదు. దుమ్ము పడదని చెప్పి తప్పించుకున్నాడు. దుమ్ము పడనివాడు పోయి పోయి పోచమ్మ మైదాన్ దగ్గర నడిరోడ్డు పక్కన రేడియం షాపు పెట్టాడు. బండ్ల నంబర్ ప్లేట్లకు అంకెలు, ఆటోల వెనక పేర్లు కత్తిరించి అంటించే పని. చెయ్యి మాత్రం బంగారం, అబద్ధమెందుకు చెప్పాలి. గీత గీస్తే దారం పట్టినట్టు ఉండేది. ఆ చెయ్యి చూసుకునే వాడికి కళ్ళు నెత్తికెక్కాయి.

ఒకసారి కాజీపేట రైల్వే ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ, మోసుకుపోలేక ఒక అట్టపెట్టె వీడికిచ్చి పోయాడు. మూత మీద సముద్రం బొమ్మ, సముద్రం పైన ఆకుపచ్చ విమానం, దాని రెక్కల మీద ఎర్రటి గుండ్రాలు. లోపల పుల్లలకు కాయల్లా అంటుకున్న ప్లాస్టిక్ ముక్కలు, అరచెయ్యంత కాగితం మీద ఎర్ర సున్నలు. మన బొట్లలాంటివే కాబోలు అనుకున్నాడట. అది జపాను గుర్తని తెలిశాక కూడా వాడికి ఇంకో దేశం విమానం నచ్చలేదు.

"గీత ఇంత వంకర పోతె ఎవనికి తెల్వదక్కా. సున్న ఇంత పక్కకు జరిగిందనుకో, గుడ్డోనికి గూడ కనవడ్తది" అనేవాడు.

ఆ పని నేను కళ్ళారా చూశాను. ముక్కలు అతికించి ముందు వెండి రంగు వేస్తాడు. అక్కడక్కడ తడి చేసి ఉప్పు చల్లుతాడు. ఉప్పు మీదనే ఆకుపచ్చ రంగు కొడతాడు. ఆరిన తరువాత ఉప్పు రాల్చేస్తే ఆ చోట లోపలి వెండి రంగు బయటపడుతుంది. సముద్రం గాలికి ఆ విమానాలు అట్లాగే పెచ్చులూడి ఉండేవట. పైసలు పెట్టి కొన్న కొత్త వస్తువుకు ముసలితనం తెచ్చే తెలివి నేను వీడి దగ్గరే చూశాను.

ఆ తరువాత మెరుగు పూసి అద్దంలా నున్నగా చేస్తాడు. ఇక చివరికి డెకాల్. ఆ సున్న ఉన్న కాగితం ముక్కను గోరువెచ్చని నీళ్ళలో ముంచితే, కాసేపటికి సున్న ఉల్లిపొర కంటే పలచగా కాగితం మీది నుంచి విడిపోతుంది. దాన్ని కుంచెతో రెక్క మీదికి జార్చాలి, నడుమకు నెట్టాలి, పాత ధోతి గుడ్డతో నీళ్ళద్దాలి. కింద గాలి మిగిలితే తెల్లగా పొంగి కనపడుతుంది. మడతపడితే ఇక అంతే సంగతి.

ఈ పని జరిగినంతసేపు ఇంట్లో ఫ్యాను బంద్. వినోద ఊడ్వకూడదు, పోపు పెట్టకూడదు, చీర దులపకూడదు. వినోద వాడి పెళ్ళాం, నాకు మరదలు. అద్దాల అలమారలో ఉన్న విమానాల్లో ఒక్కదాన్ని కూడా ఆమె ముట్టి ఎరగదు. గర్భసంచి ఆపరేషనై ఆమె దవాఖానలో పడుకుంటే పక్కన ఉన్నది నేను. వీడు థిన్నర్ వాసనతో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"రంగు తడి మీదున్నది. దుమ్ము పడ్తది. పోతాన."

"జర కూసోరాదు" అంది వినోద.

"నేను కూసుంటె నీ కుట్లు జల్ది మానుతయా?"

పక్క మంచం ఆమె కిసుక్కున నవ్వింది. వినోద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమెవి గొడ్డు చేతులని వాడి మాట. ఆ గొడ్డు చేతులే చిన్నప్పటి నుంచి పుట్టింట్లో పడుగులు అతికాయి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని ఒక్కొక్క పోగు కొసకు కొత్త పోగును మెలేసి కలపాలి. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఒక్క పోగు తప్పినా గుడ్డలో సందు పడుతుంది. మా వాడలో మిగిలిన మగ్గాలకు ఇప్పటికీ ఆమే పోయి అతికి వస్తుంది.

కొంతకాలం కింద వాడి చెయ్యి వణకడం మొదలైంది. ముందు గడ్డం గీసుకుంటుంటే చెంప తెగింది. బ్లేడు మంచిది కాదన్నాడు. తరువాత ఎవరిదో బుల్లెట్ బండి ప్లేటు మీద ఎనిమిది అంకె ఒరిగింది. ప్లేటు మంచిది కాదన్నాడు. హనుమకొండలో డాక్టరు చూసి, ఇది నరాల జబ్బు, బతికినంత కాలం గోలీలు వేసుకోవాలన్నాడు. డాక్టరు మంచివాడు కాదన్నాడు. గోలీలు అటక మీదికి పోయాయి, షాపు మూతపడింది. చెయ్యి సంగతి బయట ఒక్కరికి తెలిసినా ఉరేసుకుంటానని మా ఇద్దరితో ఒట్టు వేయించుకున్నాడు. గడప దాటితే కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే.

రంగు కొట్టడానికి చిన్న మిషను ఉంది, దానితో ఎట్లాగో నెట్టుకొచ్చేవాడు. డెకాల్ మాత్రం వాడివల్ల కాలేదు. ఒకరోజు నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వినోదను పిలిచాడు.

"ఓయ్, ఇటు రా. చేతులు కడుక్కొని రా."

ఆమె కడుక్కుని వచ్చి కూర్చుంది. సున్న నీళ్ళలో విడిపోయింది. వాడు "ఇగ జరుపు" అన్నాడు. ఆమె ఏ ఆలోచనా లేకుండా, చేతికి అలవాటైన పని కాబట్టి, పడుగులు అతకడానికి పోయేటప్పుడు పట్టుకుపోయే చిప్ప పక్కనే ఉంటే, అందులోని బూడిదలో రెండు వేళ్ళూ అద్ది సున్నను పట్టుకుంది. జపాను సూర్యుడికి గ్రహణం పట్టింది.

"ఏందే ఇది! దానికి బూడిద పెడ్తవా? నేను సచ్చినంక నా మొకానికి పెట్టు!"

"బూడిద లేకుంటె వేళ్ళు జారుతయి గదా."

"జారాలెనే మొద్దుదానా! ఇది జార్చే పనే!"

నీళ్ళ గిన్నె ఆమె ఒళ్ళోకి విసిరాడు. నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. "ఆమె నీ జీతగత్తె గాదురా, నోరు మంచిగ పెట్టు" అన్నాను. వాడు నా వైపు చూడలేదు. ఆమె చీర పిండుకుని, చేతులు మళ్ళీ కడుక్కుని, కుంచె తీసుకుంది.

పోగులు అతికిన చెయ్యికి సున్న ఒక లెక్కా? కొద్దిరోజులకే పడింది. కానీ ఆమె సున్న పెట్టినంతసేపు వాడు చెవి దగ్గర తిడుతూనే ఉండేవాడు. బాగా కుదిరితే ఇంకా ఎక్కువ తిట్టేవాడు. ఎందుకో నేను చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో ఇట్లాంటి బొమ్మ విమానాలు చేసేవాళ్ళ సంఘం ఒకటుంది. వీడిని చేర్చుకున్నారు గానీ నంబర్ ప్లేట్ల అంకుల్ అనేవారు. వినోద పెట్టిన సున్నలను వీడు ఫోటో తీసి వాళ్ళ గ్రూపులో పెట్టేసరికి ఆ అంకుల్ కాస్తా మాస్టర్ అయ్యాడు. సంఘం పెద్ద రమాకాంత్ అని, మర్యాదస్తుడు, ఫోన్ చేసి ఏటా జరిగే మేళాలో అందరి ముందు డెకాల్ పెట్టి చూపించాలని అడిగాడు. మొన్నటిదాకా మూలన నిలబెట్టినవాళ్ళు ఇప్పుడు కుర్చీ వేస్తామంటున్నారు. ఆ కుర్చీ కోసం వీడికి ప్రాణం లాగింది. వస్తానన్నాడు.

"చేతిని ఏం జేస్తవురా?" అన్నాను.

"గోలీలు ఏసుకుంట."

వారం రోజులు వేసుకున్నాడు. మత్తుగా తూగాడు తప్ప చెయ్యి నిలవలేదు.

ముగ్గురం పొద్దున రైలెక్కాం. విమానం ఉన్న డబ్బా వినోద ఒళ్ళో ఉంది, ఎందుకంటే వాడి ఒళ్ళో ఉంటే వణుకుతుంది. జనగామ దాటిన తరువాత ఆమె నెమ్మదిగా అంది.

"నేను పక్కన కూసుంట. నువ్వు నోటితోని చెప్పు, నేను పెడ్త. అందరు గట్లనే అనుకుంటరు, మొగుడు నేర్పిండు, పెండ్లాం నేర్సుకున్నదని."

"మంచిగనే చెప్తాందిరా" అన్నాను నేను.

"ఏం మంచి? వెంకట్రాజం పెండ్లాం కొంగు సాటుకు దాసుకున్నడంటరు. నువ్వు ఎన్క వరుసల కూసో. నోరు తెరువకు. పెద్దపెద్దోళ్ళుంటరు, నీ అవతారం చూసి నవ్వుతరు."

ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు తల తిప్పి ఆమె చీర చూశారు. వినోద డబ్బా మీద చేతులు పెట్టుకుని కిటికీలో నుంచి చూస్తూ కూర్చుంది.

హాలు చల్లగా, పెళ్ళి హాలులా ఉంది. వెనక వరుసలో నేనూ వినోదా. వీడిని వేదిక మీద కూర్చోబెట్టి, బల్ల మీదికి పైనుంచి ఒక కెమెరా దించారు. బల్ల మీద జరిగేదంతా వెనక గోడ మీద కనపడాలట. వాడికి ఆ సంగతి ముందు తెలియదు. జేబులో నుంచి చెయ్యి తీసేసరికి గోడ మీద గుమ్మమంత చెయ్యి. గాలికి కొట్టుకునే రేకులా కొట్టుకుంటోంది.

మొదటి సున్న మడతపడి ముద్దయింది. "నీళ్ళు సల్లవడ్డయి" అన్నాడు. వేడినీళ్ళు తెచ్చారు. రెండోది నడుమకు చినిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పర్వాలేదు మాస్టర్, నిదానంగా చేయండి" అన్నాడు రమాకాంత్.

మా తమ్ముడి చెవులు కందాయి. తలెత్తి వెనక వరుసలో వెతికాడు. "వినోదా, ఇటు రా. జర అద్దాలు తుడువు" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఓయ్ అనకుండా పేరు పెట్టి పిలవడం నేను విన్నది అప్పుడే.

ఆమె లేచి పోయింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ వాడి ముఖానికి పెట్టింది. వాడు పెదవులు కదిలించాడు. సున్న నువ్వు పెట్టు, నేను పట్టుకున్నట్టు చేస్తా అన్నాడని ఆమె తరువాత నాకు చెప్పింది. అప్పుడు ఆమె వాడి మణికట్టు పట్టుకుంది. ఆసరాకు పట్టుకుందనుకున్నాను. పట్టుకుని, ఆ చేతిని ఎత్తి, తిన్నగా కెమెరా కిందికి తెచ్చింది.

"చూసిండ్రా సార్లు. ఈ చెయ్యి రెండేండ్ల సంది వణుకుతాంది. నరాల బీమారట. గోలీలేసుకోడు, మీకు చెప్పుకోడు. గీ చేతితోని ఆయన ఒక్క సున్న పెట్టలేదు. మీరు ఊకె ఆశ పెట్టుకోకుండ్రి."

గోడ మీద ఆ చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. ఆమె వదల్లేదు. అందరూ చూసిన తరువాత కూడా వదల్లేదు. వాడు లాక్కోబోయాడు గానీ, వాడి బలం ఎంత.

రమాకాంత్ లేచి వచ్చి, "మరి ఇన్నాళ్ళూ పెట్టింది మీరేనా అమ్మా? మీరే పెట్టి చూపించండి" అని కుర్చీ జరిపాడు.

"నాకేం రాదు సార్" అంది వినోద. "ఆయననే అడుగుండ్రి, నోటితోని మస్తు చెప్తడు."

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. జాలితో కొట్టే చప్పట్లు మెత్తగా ఉంటాయి, చెంపదెబ్బ కంటే లోతుకు దిగుతాయి. వాడు ఆ చప్పట్లయ్యేదాకా తల దించుకుని బల్ల మీది నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు.

ఇది విని, మంచి పని చేసిందనే ఆడవాళ్ళు మా వాడలో చాలామంది ఉన్నారు. వాళ్ళు గోడ మీద ఆ చెయ్యిని చూడలేదు. నా తమ్ముడిని నేను ఎన్నైనా అంటాను. నా ముందు ఇంకొకరు అంటే ఊరుకునే రకం కాదు నేను. కానీ ఆ రోజు వినోదను ఏమనాలో నాకు మాట దొరకలేదు. దవాఖానలో ఆమె పక్కన కూర్చున్నదీ నేనే కదా.

ఉరేసుకుంటానన్నవాడు ఉరేసుకోలేదు. చేతకావాలి కదా. సంఘం వాళ్ళు ఒకటి రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఇప్పుడు గోలీలు వేసుకుంటున్నాడు. వినోద లెక్క ప్రకారం వేళకు చేతిలో పెడుతుంది. అన్నం వేళకు, స్నానానికి నీళ్ళు వేళకు. ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు.

మొన్న నేను పోయినప్పుడు చాయ్ తెచ్చింది. నాకు ముప్పావు గ్లాసు పోసింది. వాడికి అంచుదాకా పోసింది. ఇంకో చుక్క పడితే పొర్లేటంత నిండుగా, పొగలు కక్కుతున్న చాయ్.

"జర తక్కువ పొయ్యరాదే వినోదా" అన్నాను.

"ఎందుకు వదినె? ఇంటి మొగోనికి సగం గ్లాసు ఇస్తె ఏం మర్యాద?" అని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

వాడు ముందు వంగి, గ్లాసు ఎత్తకుండానే బల్ల మీదనే మూతి పెట్టి పీల్చబోయాడు.

"పసులు తాగినట్టు ఏందది? ఎత్తుకొని తాగు. మీ అక్క చూస్తాంది."

వాడు రెండు చేతులతో ఎత్తాడు. చాయ్ వేళ్ళ మీద, మణికట్టు మీద, లుంగీ మీద పడింది. అరవలేదు. మిగిలినదేదో నోటిదాకా చేర్చి, ఎర్రబడిన చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. ఆమె చేసినదాన్ని ఒక్కసారీ మెచ్చుకోని మనిషి, ఆమె ముఖం వైపు చూసి, "చాయ్ మంచిగున్నదే" అన్నాడు.

వినోద లోపలికి పోయి, గిన్నె తెచ్చి, మళ్ళీ అంచుదాకా పోసింది.