నాకు తెలియని ఓవర్‌డ్రాఫ్టు

మా ఆయనకు ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే చిన్న షాపు ఉండేది. నేను ఇంటి దగ్గరి ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. షాపు సంగతులు నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. పక్షవాతం వచ్చి ఆయనకు కుడిచేయి, మాట పడిపోయిన మూడో వారంలో బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది.

వెళ్తే మేనేజరు కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. మా ఇంటి కాగితాలు పెట్టి షాపు పేరు మీద ఓవర్‌డ్రాఫ్టు తీసుకున్నారట. ఎంతవరకు వాడుకోవచ్చో అంతా వాడేశారట.

"ఒక్కసారే కట్టలేరు కదమ్మా. నెలనెలా కొంత కట్టండి. కట్టినకొద్దీ లిమిట్ తగ్గిస్తాం. మళ్లీ తీసుకోవడానికి మాత్రం ఉండదు" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆయన మంచం ముందు నిలబడ్డాను.

"గిన్ని పైసలు ఏం జేసినవ్? ఎవలకిచ్చినవ్?"

ఆయన నోరు కదిపాడు. మాట రాలేదు.

"నన్ను నిలువునా ముంచినవ్. గిట్ల పడి ఉండుడు కంటె..."

మిగతాది అనలేదు. ఆయనకు అర్థమైంది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

వెల్డింగ్ మిషన్లు అమ్మాను. సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టాను. నెలకింత అని బ్యాంకులో కట్టేదాన్ని. కొన్నాళ్లకు, నేను స్కూలుకు వెళ్లాక, ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అబ్బాయిని ఆయన ఎడమచేత్తో వద్దని సైగ చేసి పంపేస్తున్నాడని తెలిసింది.

"ఎందుకు వద్దంటున్నవ్?" అని అడిగాను.

"పైసల్" అన్నాడు. అప్పటికి ఆయనకు వచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి.

ఆ అబ్బాయిని మళ్లీ రమ్మనాల్సింది. అనలేదు. ఆ నెల బ్యాంకులో కాస్త ఎక్కువ కట్టాను. ప్రాణం తేలికపడినట్టు కూడా అనిపించింది.

మరుసటి ఏడు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు.

పదో రోజున, షాపులో పదిహేనేళ్లు పనిచేసిన వెల్డర్ భాయ్ వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చుని చెప్పాడు.

"భాభీ, కరోనా టైంల ఆర్డర్లు లేకుండె. అయినా అన్న మా ముగ్గురి జీతం ఒక్క నెల గూడ ఆపలే. నా కంటి ఆపరేషన్‌కు గూడ బ్యాంకులకెళ్లే తీసిచ్చిండు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుండు. మీరు ఫికర్ చేస్తరని."

ఆ తర్వాత ప్రతి నెలా అతను తన కూలిలో కొంత తెచ్చి ఇచ్చేవాడు. వద్దంటే వినేవాడు కాదు. ఇద్దరం కలిసి ఇంకో రెండేళ్లు కట్టాం.

ఆఖరి వాయిదా రోజు అతనూ బ్యాంకుకు వచ్చాడు. మేనేజరు మారిపోయాడు. కొత్తాయన ఇంటి కాగితాలు తిరిగిచ్చి, సంతకం పెట్టించుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం.

"అన్న ఉంటె మస్తు ఖుషీ అవుతుండె" అన్నాడు భాయ్.

"నేను ఆయనను ఒక మాట అన్న, భాయ్. ముంచినవ్ అన్న. గిట్ల ఉండుడు కంటె పోవుడు నయమన్నట్టు మాట్లాడిన" అన్నాను. ఎవరితోనైనా ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

అతను మెట్లు దిగాడు.

"ఎండ అయితున్నది భాభీ. ఆటో పిలుస్త" అని రోడ్డు మీదికి వెళ్లాడు.