మావయ్య దిద్దని పాట

మా మత్తయి మావయ్య ఆఖరిసారి మార్కులు వేసింది నెల్లూరు ఆడపిల్లల మెటల్ బ్యాండుకి. ఆ శుక్రవారం పొద్దున్న పెసరట్టు తింటూ పాటంతా విని, చెయ్యి కడుక్కొచ్చి, పాట కింద కామెంట్లలో "గిటారు బాగుంది. మాటలు వినబడలేదు. తొందరపడకండి అమ్మా. 44" అని టైపు చేశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు నడుం వాలుస్తానన్నారు. మళ్లీ లేవలేదు.

ముక్తేశ్వరంలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. ముప్ఫై నాలుగు వచ్చినవాడికి ముప్ఫై నాలుగే వేసేవారు. ఆ ఒక్క మార్కు కోసం అమ్మిరాజు అనే కుర్రాడి నాన్న అరటిగెల తెస్తే, దాన్ని సైకిలుకి కట్టుకెళ్లి వాళ్లింట్లోనే దింపి వచ్చారు.

రిటైరయ్యాక మనవరాలు అక్షయ ఆయన ఫోన్లో పాటల యాప్ పెట్టిచ్చింది. కొత్త పాటలు శుక్రవారం వస్తాయని తెలియగానే, మావయ్యకి శుక్రవారం పరీక్షల రోజైపోయింది. సినిమా పాటల జోలికి వెళ్లేవారు కాదు.

"వాళ్లకి స్కూలుందిరా, ట్యూషనుంది. వీళ్లు ప్రైవేటుగా కట్టి రాసే పిల్లలు. వీళ్ల పేపరు ఎవరో ఒకరు చివరిదాకా చదవాలి కదా" అనేవారు.

శ్రీకాకుళం ర్యాప్, వరంగల్లో ఎవరో డప్పు మీద కట్టిన జాజ్, తలుపేసుకుని గొణిగే కుర్రాళ్ల పాటలు, ఏదైనా సరే పూర్తిగా వినకుండా మార్కు వేసేవారు కాదు. కష్టమంతా కాంతమ్మ అత్తయ్యది.

"ఎవర్నండీ అలా కొడుతున్నారు?"

"కొట్టట్లేదే, పాడుతున్నాడు."

"పోనీ ఎవరైనా వెళ్లి విడిపించరాదూ, పాపం! అదిగో, పాస్టరుగారు వస్తున్నారు. ఆపండి!"

"ఇంకో చరణముంది. ఆయన్నీ కూర్చోమను."

నేను అమలాపురం కాలేజీలో తెలుగు చెబుతాను. నిరుడు ఒక పాట రాసి, నేనే పాడి, 'పంటకాలువ' అని దొంగపేరు పెట్టి విడుదల చేశాను. మేనల్లుడినని తెలిస్తే మావయ్య ఇంకో పది మార్కులు కోస్తారని నా భయం. ఆయన ముప్ఫై అయిదు వేసినా చాలు, రెండో పాట బయటపెడదామనుకున్నాను.

ఆదివారం గుడిలో ఆరాధనయ్యాక వాళ్లింటికి వెళ్లి, ఈ వారం ఏం విన్నారని అడిగేవాణ్ణి. పదకొండు పాటల పేర్లు చెప్పేవారు. నాది ఉండేది కాదు. నాలుగో వారం ఇక ఉండబట్టలేకపోయాను.

"పంటకాలువ అని ఎవరో వచ్చేరట. విన్నారా మావయ్యా?"

"విన్నాను."

"ఎన్ని వేసేరు?"

"నేను దిద్దలేదురా" అని, అత్తయ్యని టీ పెట్టమన్నారు.

దిద్దడానిక్కూడా పనికిరాలేదన్నమాట. రెండో పాట నా ఫోన్లోనే ఉండిపోయింది.

మావయ్య పోయాక జరిగిన ఆదరణ కూడికకి కొత్తపేట నుంచి పద్మావతి టీచరుగారు వచ్చారు. పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో మావయ్య పక్క బల్ల ఆవిడది. భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"పంటకాలువ మీరే కదండీ?"

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసి, తలూపాను.

"ఆయ్, ఆ పాట నేనే దిద్దేనండి. సొంతవాళ్ల పేపరు మేము ముట్టుకోం కదా, పక్కవాళ్లకి ఇచ్చేస్తాం. పాటకి ముందు మీరు గొంతు సవరించుకున్నారు చూడండి, అక్కడే పట్టేసేరట. ముక్తేశ్వరం నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చి, ఫోను నా చేతిలో పెట్టి, ఎదురుగా ఉంటే నేను మొహమాటపడతానని పాట అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నారు."

"మరి నాతో ఒక్కమాటైనా అనలేదేమండీ?"

"పేరు దాచుకున్నవాడికి పిలిచి ఫలితం చెబుతామా అన్నారండి. మీ అంతట మీరే చెబుతారని చూసేరు."

"ఎన్ని వేసేరండీ?"

"యాభై ఎనిమిది."

ఆవిడ పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుని, అంతలోనే నవ్వేశారు.

"బస్టాపు దాకా వెళ్లినాయన మళ్లీ వెనక్కొచ్చేరండి. ఇంకో రెండు మార్కులకి ఎక్కడైనా చోటుందేమో చూడండి టీచరుగారూ, ఫస్టు క్లాసవుతుంది అన్నారు."

"వేసేరా?"

"ఎలా వేస్తానండీ? వచ్చినన్నే వేసే అలవాటు నాకు నేర్పింది ఆయనే కదా."