బైండింగులకు కొబ్బరినూనె

ఒక మనిషి తన భార్య రెండేళ్ళుగా పెట్టుకున్న ఆశను, ఆమె తలనూనెతోనే, తొమ్మిది వేల అడుగుల ఎత్తున గడ్డకట్టించగలడంటే మీరు నమ్మరు. ఆ మనిషి ఇంకెవరైనా అయ్యుంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. వకుళ ఉన్నరోజుల్లో ఈ కథను నాకు అనుకూలంగా చెప్పుకునేవాణ్ణి, ఆమె పక్కనుంచి సరిదిద్దేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. సరిదిద్దేవాళ్ళు లేకపోవడంతో నిజమే చెప్పవలసి వస్తోంది.

రెండువేల పదికి అటూ ఇటూగా మేం ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. నేను ల్యాప్‌టాప్ మూతల బందులు పరీక్షించే ఇంజనీరుని. మూత తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం, ఎన్నోసారికి బందు విరుగుతుందో రాసుకోవడం, ఇదే ఉద్యోగం. అది కూడా మామూలు గదిలో ఒకసారి, ఫ్రీజరులాంటి చలిగదిలో ఒకసారి. చలిగది సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వకుళ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. నలభై మూడో ఏట స్కీయింగ్ నేర్చుకుంది. నేను ఆమె వెంటపడి నేర్చుకున్నాను. ఇందులో 'పడి' అన్నది ముఖ్యమైన మాట. లిఫ్టు కుర్చీలో కూర్చుని కొండెక్కి జారడం అందరూ చేసేదే. ఆమెకు లిఫ్టులు లేని కొండల మీద మనసయింది. అక్కడ స్కీల అడుగున తివాచీలాంటి పట్టీ అంటించుకుని నడిచి ఎక్కాలి, పైకి చేరాక పట్టీ పీకేసి జారుకుంటూ దిగాలి. ఎక్కేటప్పుడు మడమ లేవాలి. దిగేటప్పుడు మడమ స్కీకి బిగుసుకుని ఉండాలి. బూటును పట్టి ఉంచే బైండింగు ఈ రెండు పనులూ చేస్తుంది. దానికి మడమ దగ్గర పిడికిలంత ముక్క ఒకటుంటుంది. అటు తిప్పితే మడమకు స్వేచ్ఛ, ఇటు తిప్పితే ఖైదు. ఈ కథంతా ఆ ముక్క తిరగడం గురించే. మరీ కచ్చితంగా చెప్పాలంటే, తిరగకపోవడం గురించి.

మా ఆఫీసులో మధు అని వరంగల్ అబ్బాయి ఉండేవాడు. అబ్బాయి అన్నాను గానీ అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. అతని బృందం ఏటా సియెర్రా కొండల్లో ఒక చెక్క గుడిసెలో ఐదు రోజులుండి, రోజూ కొత్త వాలు ఎక్కి దిగేది. బృందానికి పెద్ద మార్గరెట్, అరవై దాటిన రిటైర్డ్ టీచరు. గుడిసెలో ఆరు పడకలు. వకుళ రెండేళ్ళు అడిగింది, రెండేళ్ళూ ఖాళీ లేదన్నారు. మూడో ఏడు రెండు పడకలు ఖాళీ అయ్యాయి.

మధు ఆ కబురు మోసుకుని ఇంటికొచ్చాడు. "కానీ అక్కా, మార్గరెట్ ముందుగాల ఒక దినం ట్రయల్ తీస్కుంటది. జారుడు కొంచెం అటిటున్నా నడుస్తది. సామాను ఫెయిలైతే మాత్రం వాపస్ పంపుతది. ఆడ రిపేర్ షాపులుండయ్ గద."

"సామాను సంగతి నాకొదిలెయ్," అన్నాను. "నేను చేసే ఉద్యోగమే అది."

"మీరు ముట్టుకోకపోతే చాలు," అంది వకుళ. "కొత్తవి కదా, బాగానే ఉన్నాయి."

బాగానే ఉన్నాయి అన్నమాట ఇంజనీరుకు పడదు. మూడు వారాలు ఇంటర్నెట్ మీద బైండింగుల కష్టాలు చదివాను. ఎవరికో ఎక్కుతూండగా వెనకముక్క తనంతట తనే తిరిగిపోయి మడమ బిగుసుకుందట. ఇంకెవరికో పిన్ను అరిగిందట, మరొకాయనకు ప్లాస్టిక్ పగిలిందట. మంచిగా పనిచేసినవాడు ఇంటర్నెట్‌కి ఎందుకొస్తాడన్న ఆలోచన నాకు రాలేదు. లోకంలోని బైండింగులన్నీ విరగడానికే పుట్టాయని నిర్ణయించుకుని, సెప్టెంబరు చివర ఒక ఆదివారం నాలుగు స్కీలూ భోజనాల బల్ల మీద పరిచాను.

ముక్కలు విప్పాను. లోపల నల్లగా ఏదో జిగురు. అది ఫ్యాక్టరీవాళ్ళు చలికోసం ప్రత్యేకంగా పెట్టిన గ్రీజు. నాకది మురికిలా కనిపించింది. శుభ్రంగా, ఆపరేషనుకు ముందు డాక్టరు చేతులు కడుక్కున్నట్టు, దూదితో తుడిచేశాను. తుడిచాక తిప్పి చూస్తే కిర్రుమంది. కుట్టుమిషను నూనె కోసం వెతికాను, అయిపోయింది. మన ఇళ్ళల్లో తలుపు కిర్రుమంటే ఏం వేస్తాం? బాత్రూము అలమరలో వకుళ కొబ్బరినూనె నీలం సీసా కనిపించింది. ఆ వారం ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతోంది. నూనె నీళ్ళలా జారింది. వెనకముక్క వేలితో తాకితే చాలు, బొంగరంలా తిరిగింది.

ఇంజనీరుని కదా, అంతటితో ఆగుతానా. ఒక్కో ముక్కనూ టీవీ చూస్తూ వెయ్యిసార్లు తిప్పాను. నాలుగువేలకు ఒక్కసారి కూడా పట్టేయలేదు.

వకుళ బట్టలు మడతపెడుతూ, "ఏం నూనె వేశారు?" అంది.

"లూబ్రికెంట్."

అడిగిన ప్రశ్నకు తెలుగువాడు ఇంగ్లీషు మాటతో జవాబిచ్చాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం. ఆమెకు అనుమానమొచ్చింది గానీ నూనె మీద కాదు, నా పరీక్ష మీద. "చలిలో కూడా పరీక్షించారా?" అంది.

"సూత్రం ఒకటే," అన్నాను.

ముక్కల్ని ఎక్కడానికి వీలైన వైపు తిప్పి, ముందుచూపుతో అలాగే వదిలి, స్కీలను గ్యారేజీలో నిలబెట్టాను. జనవరి దాకా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఈలోగా చలికాలం వచ్చింది. ప్రతి ఉదయం ఆ నీలం సీసాలో నూనె తెల్లగా పేరుకుపోతే వేడినీళ్ళ మగ్గులో నిలబెట్టి వకుళకిచ్చింది నేనే. రోజూ ఇచ్చాను. ఒక్కరోజు కూడా స్కీలు గుర్తుకు రాలేదు. నన్ను మీరేమనుకున్నా నాకు అభ్యంతరం లేదు, వకుళ అంతకంటే ఎక్కువే అంది.

ట్రయల్ రోజు పొద్దున్నే కొండ కింద కారాపి స్కీలు తొడుక్కున్నాం. మార్గరెట్ సన్నగా, ఎండిన కొమ్మలా ఉంది. కరచాలనం చేసి మా బూట్లకేసి చూసింది, ముఖాలకేసి కాదు. ఎక్కడం మొదలుపెట్టాం. అరగంటకోసారి మధు ఆగి, తన ఎడమ వెనకముక్క కొంచెం పక్కకు జరిగిందని కర్రతో సరిచేసుకుంటున్నాడు. నావి రవ్వంతైనా కదల్లేదు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"చూడండి," అన్నాను మార్గరెట్‌తో. "ఇది అందరూ చెప్పే లోపమే. నావి, మా ఆవిడవి ఒక్కసారి కూడా తిరగలేదు. నేనే సర్వీసు చేశాను."

ఆమె వంగి చూసింది. "నిజమే. ఇంత స్థిరంగా ఉన్నవి నేను చూడలేదు," అంది.

వకుళ వెనకనుంచి, "ఆవిడ మెచ్చుకుంది కదా, ఇక నోరు కట్టేసుకోండి," అంది తెలుగులో. ఆమె ముఖం వెలిగిపోతోంది. చలికి బుగ్గలు ఎర్రబడి, పదేళ్ళు చిన్నదానిలా ఉంది. గుడిసెలో కిటికీ పక్క పడక దొరుకుతుందా అని మధును అప్పటికే రెండుసార్లు అడిగింది.

పైకి చేరాం. మార్గరెట్ వాచీ చూసుకుని, "పదిహేను నిమిషాల్లో అందరూ దిగడానికి సిద్ధం కావాలి," అంది. పట్టీలు పీకేశాం. వకుళ వంగి తన వెనకముక్క తిప్పింది. తిరగలేదు. గ్లవ్స్ తీసి తిప్పింది. తిరగలేదు.

"ఏమండీ, ఇదేంటి?"

"అలవాటు లేక. ఇలా తే," అని నేను తిప్పాను. తిరగలేదు. నావి చూశాను. నాలుగూ అన్నదమ్ముల్లా ఒక్క మాట మీద ఉన్నాయి.

మధు వచ్చాడు. రెండు చేతులతో పట్టి మెలిపెట్టాడు. స్కీ తిరిగింది, నేను తిరిగాను, ముక్క తిరగలేదు. "ఏందన్నా, వెల్డింగ్ చేయించినవా?"

"కొంచెం మంచు పట్టినట్టుంది."

"మంచు లేదన్నా, పొడిగ ఉన్నది. లోపట ఏం పెట్టినవ్?"

"లూబ్రికెంట్."

నేను ఒక స్కీని కోటులోపలికి దోపుకుని, వెనకముక్కను చంకలో పెట్టుకుని కూర్చున్నాను. ఆరడుగుల థర్మామీటరు పెట్టించుకున్న రోగిలా ఉన్నానని మధు తర్వాత ఆఫీసంతా చెప్పాడు. మార్గరెట్ వాచీ చూసింది. ఆ చూపు వకుళ కూడా చూసింది.

వకుళ మోకాళ్ళ మీద కూర్చుని తన స్కీని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. చాలా నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఇది నా తలనూనె."

నేను చంకలోని స్కీని సర్దుకున్నాను.

"ఎన్ని డిగ్రీల దగ్గర పేరుకుంటుందండీ ఇది? చదువుకున్నారుగా."

"డెబ్బై ఆరు. ఫారెన్‌హీట్‌లో."

"ఇక్కడెంతుంది?"

"పద్దెనిమిది."

"అక్కా, ఏమైంది?" అన్నాడు మధు.

"మీ అన్నయ్య మా స్కీలకు తలంటు పోశాడు."

మార్గరెట్ ఏం జరుగుతోందని అడిగింది. మధు అనువదించాడు. నాకు అవసరమైనదానికంటే నిజాయితీగా. ఆమె శ్రద్ధగా విని, "జుట్టుకా?" అని ఒకే ప్రశ్న వేసింది. తర్వాత, "ఎనిమిది నిమిషాలున్నాయి," అంది.

అప్పుడు వకుళ తన బ్యాగు విప్పి మధ్యాహ్నానికి తెచ్చిన చారు ఫ్లాస్కు తీసింది. మూత తిప్పితే పొగలొచ్చాయి. మిరియాలు, కొత్తిమీర వాసన ఆ కొండంతా కమ్మింది. ఆమె ఫ్లాస్కును ఊపి, ఎంతుందో అంచనా కట్టింది.

"ముందు నీవి పోసుకో," అన్నాను ఉదారంగా.

"మిమ్మల్ని అడిగానా?"

ఎడమ వెనకముక్క మీద సన్నధారగా పోసింది. పది లెక్కపెట్టి తిప్పింది. ముక్క కొంచెం మూలిగి, టక్కున తిరిగింది. ఒక కరివేపాకు దానికి అంటుకుని ఉండిపోయింది. మళ్ళీ పేరుకోకముందే కుడిదానికీ పోసి, తిప్పి, బూట్లు నొక్కి, రెండు మడమలూ బిగించుకుని లేచి నిలబడింది. "నేను రెడీ," అని మార్గరెట్‌తో చెప్పి, ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది.

అందులో మిగిలింది నా ఎడమ స్కీకి సరిపోయింది. కుడిదానికి అడుగున ఒక టమాటా ముక్క, రెండు మిరియాలు ఉన్నాయి. వాటితో ఏ యంత్రమూ కదలదు.

వకుళ దిగడం నేను పైనుంచి చూశాను. తెల్లటి కాగితం మీద చెయ్యి తిరిగినవాళ్ళు రాసినట్టు దిగింది. తర్వాత నా వంతు. నా ఎడమ కాలు కొండ దిగుతోంది, కుడి కాలు ఇంకా ఎక్కుతూనే ఉంది. ఒకే శరీరంలో ఇంత అభిప్రాయభేదం నేనెన్నడూ ఎరగను. మలుపు తిప్పినప్పుడల్లా కుడి మడమ లేచి నన్ను ముందుకు వంచేది, లోకానికంతటికీ క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. పద్నాలుగుసార్లు పడ్డాను. మార్గరెట్ నా వెనకే వస్తూ, పడిన ప్రతిసారీ ఆగి, "ఊపిరి ఆడుతోందా?" అని అడిగి, ఆడుతోందంటే, "అయితే లేవండి," అనేది. స్కూలు పిల్లలు ఆవిణ్ణి ఎలా భరించారో ఏమో.

కింద కార్ల దగ్గర వకుళ నిలబడి ఉంది. నవ్వడం లేదు. మూడో ఏడు కూడా పోయిందనే అనుకుంటోందని నాకు తెలిసింది. ఇంటికెళ్ళేదాకా మూడున్నర గంటలు కార్లో నా పక్కనే కూర్చోవాలి. ఒంటి నిండా మంచుతో వెళ్ళి మార్గరెట్ ముందు నిలబడ్డాను.

"తప్పంతా నాది," అన్నాను. "ఆమె బైండింగులు విప్పింది నేను, నూనె వేసింది నేను. ఆమెకు ఏమీ తెలియదు. నన్ను తీసెయ్యండి. ఆమెను తీసుకెళ్ళండి."

మార్గరెట్ గ్లవ్స్ తీసి తాపీగా మడిచింది. "మీరు అడగకపోయినా అదే చెప్పబోతున్నాను," అంది. "సామాను అందరిదీ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. కొండమీద బాగుచేసే మనిషి నాకు కావాలి. ఇంట్లో బాగుచేసే మనిషి అక్కర్లేదు."

వకుళ అప్పుడు నవ్వింది. కారు హైవే ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది. తర్వాత ఆ ఏడు వెళ్ళింది, పై ఏడు వెళ్ళింది, ఆపై ఇంకో మూడేళ్ళు వెళ్ళింది. వెళ్ళేముందు స్కీలు దుకాణంలో సర్వీసు చేయించి, తెచ్చి, పడగ్గదిలో తన వైపు పెట్టుకునేది. అడిగితే, గ్యారేజీలో తేమ అనేది.

ఆ స్కీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అందుచేత ఈ కథ చదివిన పెద్దల సాక్షిగా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: చక్కగా పనిచేసే ఏ వస్తువునూ నేను బాగుచేయను. వకుళ బైండింగులు అసలే ముట్టుకోను. అవి ఇంకా తిరుగుతాయనే అనుకుంటున్నాను. పరీక్షించలేదు.