ఇనుప పలక మీద రెండు చుక్కలు

పొద్దున తొమ్మిదింటికి, వంతెన నమూనా మీద పెట్టిన ఇనుప పలకపై ఒక పచ్చ చుక్క ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి. నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే గాలి సొరంగంలో మెకానిక్ దగ్గరికి వంగాడు. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. రెండే.

ఇరవై రెండేళ్లుగా ఆయన పని గాలిని కొలవడం. అందరూ ‘గాలి బాబాయ్’ అంటారు. సొరంగం పైకప్పు అద్దంలోంచి రెండు లేజర్ కిరణాలు కిందికి దిగి ఒకచోట కలుస్తాయి; సరిగ్గా ఆ చోట పలక పెడితే ఒకటే చుక్క పడాలి. గాలిలో వదిలిన పొగ కణం అక్కడ దాటినప్పుడు వెలుగు మినుకుమంటుంది. ఎంత త్వరత్వరగా మినుకుమంటుందో దాన్నిబట్టి గాలి వేగం తెలుస్తుంది. ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో లేజర్ స్టాండు మీద ఆయన గీసిన పెన్సిల్ గీతే చెబుతుంది. దాన్ని ఎవరూ ఏనాడూ అనుమానించలేదు.

“ఏంటి బాబాయ్, మొహం అలా పాలిపోయింది?” అంది సొరంగం ఇంజనీరు.

“అమ్మా, ఎనిమిది నెలల కింద పగిలిన పైకప్పు అద్దం ఎంత మందం?”

“ఆరు మిల్లీమీటర్లు. ఈసారి పద్దెనిమిది వేయమని మీరేగా ప్రాణం తీశారు!”

“నేనే.” ఆయన పైకప్పు వైపు చూశాడు. “మందం పెరిగితే కిరణాలు కలిసే చోటు దిగిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లు. గీత పాత అద్దానిదే.”

ఆమె రిపోర్టు తెరిచింది. కాలినడక వంతెనకు అది రెండు వందలవ వంతు నమూనా. నాలుగు మిల్లీమీటర్లంటే అసలు వంతెన మీద ఎనభై సెంటీమీటర్లు. నడిచేవాళ్ల తల దగ్గరిదని రాసిచ్చిన గాలి నడుము దగ్గరిది. దాన్ని నమ్మి, వంతెన అంచున గాలిని ఆపే అడ్డుపలకల ఎత్తు తగ్గించారు. వాటి బిగింపు రేపే మొదలు.

“వచ్చే నెల రిటైరవుతున్నారు. ఇప్పుడు బయటపెడితే మీ పేరేం కాను?”

“ఆ వంతెన మీద రోజూ నడవబోయేది మా ఆవిడే. తూలిపడితే నా పేరు అప్పుడు చూడాలి!”

ఆమెకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు. వంతెన ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

“అయ్యా, బిగింపు ఆపండి. కొలత తప్పు. తప్పు నాది.”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. “ఎనిమిది నెలల లెక్కలన్నీనా?”

“అన్నీ.”

మళ్లీ కొలవాల్సినవి రెండు వందల పద్నాలుగు చోట్లు. కిరణాలను సరిచేసి మధ్యాహ్నం మొదటిది కొలిచారు. రిపోర్టులో సెకనుకు ఏడు మీటర్లని ఉంది. వచ్చింది పది పాయింట్ నాలుగు.