గుడ్డ కింది అంకె

మా మేనమామ ఘానిమ్ అంత మొండిమనిషి ముహర్రఖ్ ముత్యాల బజారులో ఇంకొకరు లేరు. ఇరవై రెండేళ్లుగా ఆయన దుకాణంలో తక్కెడ పట్టుకు కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు.

మా పాతకాలపు వ్యాపారుల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన ఎర్ర గుడ్డ కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. ఆ అంకె బయటపెట్టినవాణ్ణి బజారు మనిషిగా లెక్కచెయ్యదు. పక్కనే ఉండే నాకు కూడా మామయ్య ఏనాడూ చెప్పలేదు.

జెనీవా కంపెనీ ఏజెంటుతోనూ అలాగే బేరం తెగింది. పెట్టెలో నలభై రెండు ముత్యాలు. మామయ్య అమ్మింది నలభై ఒకటి. మిగిలినది ఆయన తండ్రి ఆఖరిసారి సముద్రంలో మునిగి తెచ్చింది. చూపిస్తాడు గానీ అమ్మడు. తీరా కంపెనీ పంపిన కాగితంలో నలభై రెండూ ఉన్నాయి, ధరా దానికి తగ్గట్టే వేశారు. తగవు మా రాజధాని మనామాలో అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకెక్కింది.

అక్కడ అడిగింది ఒక్కటే, గుడ్డ కింద తెగిన ధర ఎంతని. అది కాగితంలో ధరకన్నా తక్కువని తేలితే తండ్రి ముత్యం బేరంలో లేనట్టే. ఏజెంటు కాగితంలోని అంకెనే గడగడా అప్పజెప్పాడు. మామయ్యను మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ నోరు విప్పలేదు. ఓడిపోయాం.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక, "కనీసం నాతోనైనా అనొచ్చుగా మామా?" అన్నాను.

"నీతో అంటే బజారంతా చాటింపు వేసినట్టేరా" అన్నాడు.

ఆ కోర్టు తీర్పుల మీద అప్పీలు వినేది సింగపూర్‌లో. రెండు నెలలు అన్నం సయించక, చివరికి ఆయనే దిగొచ్చాడు. నాన్న ముత్యం కోసం ఈ ఒక్కసారీ చెబుతాడట, అదీ జడ్జికే. అప్పీల్లో సాక్షుల్ని పిలవరనీ, కింది కోర్టులో రాసుకున్నదే చూస్తారనీ మా లాయరు సియోక్ హూన్ ఫోనులో నెత్తీనోరూ బాదుకుంది. ఎదురుగా నిలబడి నిజం చెబుతానంటే వద్దనే జడ్జి ఉంటాడా అని ఆమెనే ఎదురడిగాడు. పాదాలదాకా వచ్చే ఇస్త్రీ థోబు తొడుక్కుని, ఎర్ర గుడ్డ జేబులో పెట్టుకుని విమానమెక్కాడు.

ముగ్గురు జడ్జీలు, మూడు దేశాలవాళ్లు. రెండు గంటలు పేజీల నంబర్లే నడిచాయి. మామయ్య లేచి చెయ్యెత్తితే గుమస్తా మర్యాదగా కూర్చోబెట్టాడు. 'సాక్షి సమాధానం చెప్పలేదు' అన్న వాక్యాన్ని ఒక జడ్జి పైకి చదివాడు. మామయ్య తల దించుకున్నాడు. నాకు ఆయన మీదా, జడ్జీల మీదా, ఆ పేజీ మీదా ఒళ్లు మండిపోయింది. సాయంత్రానికి అప్పీలు కొట్టేశారు. తండ్రి ముత్యం పోయింది.

బయట బల్ల మీద కూర్చుని మామయ్య ఎర్ర గుడ్డ తీశాడు.

"చెయ్యి ఇలా ఇవ్వరా" అన్నాడు.

గుడ్డ కింద నా వేళ్లు నొక్కాడు. పొరపాటు పడతానేమోనని మళ్లీ నొక్కాడు. కాగితంలో ఉన్నదాంట్లో అది సగం కూడా లేదు.

కాగితాలు సర్దుకుని సియోక్ హూన్ బయటికొచ్చింది. మామయ్యను అడిగి లాభం లేదని నా వైపు తిరిగింది.

"అంతా అయిపోయింది కదా, ఇప్పుడైనా చెప్పండి. అసలు ఎంతకు తెగింది?"

నాకు తెలియదన్నాను.