ఒళ్ళో పడిన తాలు కాయ

ఆమధ్య ఒక పొద్దున నడక ముగించి మా అపార్టుమెంటు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటూ ఉంటే, ఎదురు ఫ్లాటు ఆవిడ వచ్చి పక్కన కూలబడి, ఈవిడెవరో భలే పాడుతోంది చూడండి అంటూ తన ఫోను నా కళ్ళకు ఆనించినంత పని చేసింది. చూద్దును కదా, మిరప కళ్ళం. ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య, తలకు తుండు చుట్టుకుని, చేతులతో కాయలు ఏరుతూనే గొంతెత్తి పాడుతున్న మనిషి నా సొంత చెల్లెలు, పాడుతున్న పాట చిన్నప్పుడు నేను కట్టింది. ఎంతమంది చూశారో, ఎంతమంది మెచ్చుకున్నారో ఆవిడ తన ఇంట్లో మనిషి గురించి చెప్పినంత గొప్పగా చెబుతుంటే, నేను ఎండ ముదురుతోందని చెప్పి లేచి పైకి వచ్చేశాను. అది మా చెల్లెలేనని కూడా చెప్పలేదు. చెబితే ఇంకాసేపు పొగుడుతుందని భయం.

అసూయ అనే మాటను మనం పక్కింటివాళ్ళకు వాడినంత సులువుగా మనకు వాడుకోము. నేను వాడుకుంటున్నాను. ఆ పూట నాకు కాఫీ కూడా సయించలేదు.

మా పుట్టిల్లు దర్శి దగ్గర ఒక పల్లె. మా నాయన మిరప వేసేవాడు. కోసిన కాయలు కళ్ళంలో ఆరబోసి, అవి గలగలమని మోగేదాకా ఎండాక, ఆడవాళ్ళందరూ బారుగా కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఒక పక్కకు, మంచి కాయల్ని ఒక పక్కకు ఏరేవాళ్ళు. మూతికి పాత గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగేది కాదు, తుమ్ముల దగ్గుల మధ్యే పాటలు నడిచేవి. నా ఈడు వాళ్ళలో ఆ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, సాయంత్రానికి అరచేతులు భగ్గుమంటుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చున్న సంగతి వాళ్ళకూ గుర్తుండే ఉంటుంది.

మా కళ్ళంలో ఒక పద్ధతి ఉండేది. పాత పాటలు అయిపోయాక ఎవరికి తోచిన పాదం వాళ్ళు కట్టి పాడాలి. పాదం చప్పగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక తాలు కాయ తీసి పాడినదాని ఒళ్ళోకి విసిరేవాళ్ళు. చివరకు ఎవరి ఒళ్ళో ఎక్కువ కాయలుంటే వాళ్ళు బావి దగ్గరికి వెళ్ళి అందరికీ నీళ్ళు తేవాలి. పాదం బాగుంటే మాత్రం మా పెద్దమ్మ కొంగుముడి విప్పి బెల్లం ముక్క ఇచ్చేది. ఆ పెద్దమ్మ నోటి మంచి మాట కోసం మేం ఎంతలా పడిచచ్చేవాళ్ళమో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

నేను మొదటిసారి సొంతంగా కట్టిన పాదం పాడిన రోజు నా ఒళ్ళో పడింది ఒక్కటే తాలు కాయ. అది విసిరింది పెద్దమ్మ. ఆవిడ విసిరి, నవ్వి, వెంటనే మర్చిపోయి ఉంటుంది కూడా. నాకు మాత్రం చెవులు వేడెక్కి, కడుపునొప్పి వంకతో ఇంటికి పరుగెత్తాను. ఆ తర్వాత కళ్ళంలో నా గొంతు పెగల్లేదు. కానీ పాదాలు మాత్రం ఆగలేదు, తల వంచుకుని కాయలు ఏరుతున్నంతసేపూ అవి లోపల కట్టుకుంటూనే ఉండేవి. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం చేతకాక పక్కన కూర్చున్న చెల్లెలి చెవిలో ఊదేదాన్ని. అది మరుక్షణమే ఆ పాదాన్ని గొంతెత్తి పాడేసేది. నేను కట్టానని ఎవరికీ చెప్పొద్దని దాని చెయ్యి నా నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాను కూడా.

ఎర్రకోక కట్టుకున్న మిరపమ్మా
ఏ ఊరి సంతకు నీ పయనమమ్మా
ఎండలోన తెల్లబోయిన తాలమ్మా
ఏరేసిన నిన్నెవరడిగేరమ్మా

ఇది పాడిన రోజు కళ్ళమంతా ఒక్క క్షణం చేతులు ఆపేసింది. పెద్దమ్మ పెద్ద బెల్లం ముక్క తీసి మా చెల్లెలి నోట్లో తనే పెట్టింది. అది సగం కొరికి, మిగతా సగం పరికిణీ చెంగులో దాచి నాకు తెచ్చింది. నేను తిన్నాను. అంత తీపి బెల్లాన్ని అంత కుళ్ళుకుంటూ తిన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఉండరు. నా పాదం, దాని పేరు. అలాగని తాలు కాయలు పడ్డ రోజున అవీ దాని ఒళ్ళోనే పడేవి, అది దులుపుకుని బిందె ఎత్తుకుని నవ్వుకుంటూ బావికి వెళ్ళేది. ఆ సంగతి మాత్రం నాకు చాలాకాలం గుర్తుకు రాలేదు.

తర్వాత నేను చదువుకుని, గుంటూరులో ఆఫీసు ఉద్యోగంలో చేరి, ఇక్కడే స్థిరపడ్డాను. అది ఆ పక్క ఊరికే కోడలై మిరప చేలల్లోనే ఉండిపోయింది. ఉద్యోగం చేసిన ఏళ్ళన్నీ, బస్సులో కూర్చున్నా, గ్యాసు పొయ్యి ముందు నిలబడ్డా, నాలో పాటలు కట్టుకుంటూనే ఉన్నాయి. మా ఆయనకు కూడా వినిపించలేదు. రిటైరయ్యాక మనవరాలు, పాడిన పాటను ఫోనులో నలుగురూ చూసేలా పెట్టడం నేర్పింది. నేర్చుకున్నాను, పాడాను, విన్నాను, చెరిపేశాను. మా ఆఫీసులో పనిచేసినవాళ్ళు ఏమనుకుంటారో, వియ్యాలవారు ఈ వయసులో ఇదేం సరదా అంటారేమో, ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఏ మాట విసురుతారో అని వేలు ఆ మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. ఈలోగా మా చెల్లెలు, ఫోనును గంపకు ఆనించి పెట్టి, జంకూ గొంకూ లేకుండా పాడి పెట్టేసింది.

ఆ ఫోను చూసిన రోజు నుంచీ నాకు అదే పని అయింది. ఎవరెవరు ఏమి రాశారో అన్నీ చదివాను. బాగుందన్నవాళ్ళను చూసి ఉడుక్కున్నాను. ఈ వయసులో పిచ్చి ముదిరిందని ఒకడు, మీసాల గొంతు అని ఒకడు రాస్తే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ప్రాణం లేచివచ్చింది. ఈ పాట ఎవరు కట్టారమ్మా అని ఒకావిడ అడిగితే, మా కళ్ళంలో పాడుకునేవాళ్ళం అని మా చెల్లెలు జవాబిచ్చింది. అంతే, ఇక ఆగలేక దర్శి బస్సెక్కాను.

అది కళ్ళంలోనే ఉంది. నన్ను చూసి మురిసిపోయి, పీట వాల్చి, మజ్జిగ ఇచ్చింది. నేను మజ్జిగ తాగకుండానే, నా పేరు చెప్పడానికి నీ నోరెందుకు రాలేదే అని అడిగేశాను. అది ఏరుతున్న కాయలు వదిలి నా వైపు తిరిగింది.

"నువ్వేగా అక్కా ఒట్టేయించుకుంది. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చి, ఇప్పుడు నేను తప్పితే నీకేమన్నా అయితే?"

అరవై దాటిన మనిషి ఇంకా ఆ ఒట్టుకు కట్టుబడి ఉంది. ఒట్టు తీసి గట్టున పెట్టమనడం కూడా నాకు తెలియనిదేం కాదు, ఎన్ని ఒట్లు అలా తీసేసుకోలేదు మనం చిన్నప్పుడు. ఇదొక్కటీ తీయడం మర్చిపోయాను. అక్కడే, ఆ కాయల మధ్యే, తీసి గట్టున పెట్టానని అన్నాను. అది ఊరుకుందా, ఫోను గంపకు ఆనించి నా ముందు పెట్టింది.

"ఇన్నాళ్ళూ నీ తాలు కాయలు నా ఒళ్ళో పడ్డయ్. ఇకనన్నా నువ్వు ఒడి పట్టు."

పాడాను. మూడో పాదం దగ్గర ఘాటు నషాళానికి ఎక్కి దగ్గు వచ్చింది. మళ్ళీ మొదటినుంచి పాడతానంటే వినకుండా, కళ్ళంలో దగ్గనిదెవరని, నా ఫోనులో నా పేరుతోనే మీట నొక్కించింది. ఆ రాత్రి అక్కడే పడుకుని తెల్లారి లేచి చూస్తే, పదిమందికి మించి చూడలేదు. రాసినవాడు ఒక్కడే. దర్శి ఆవిడ పాటను కాపీ కొట్టారు, గొంతు కూడా బాగాలేదు అని రాశాడు.

చెవులు మళ్ళీ వేడెక్కాయి. చెరిపేద్దామని వేలు పెట్టబోతే, దాని కింద అప్పటికే ఇంకో మాట వచ్చి ఉంది. పక్కన నిద్ర నటిస్తున్న మా చెల్లెలు రాసింది. "ఇది మా అక్క కట్టిన పాట. చిన్నప్పటినుంచి కాపీ కొడుతున్నది నేను."

చెరపలేదు. ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఇంకా నాలుగు పెట్టాను, చూసేవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. దానివి మాత్రం ఊళ్ళూళ్ళూ చూస్తూనే ఉన్నాయి, నేను రోజూ కాఫీ కన్నా ముందు దాని లెక్క చూసి ఒకసారి కడుపు మండించుకుని, తర్వాతే నాది చూసుకుంటాను. ఎదురు ఫ్లాటు ఆవిడకు మాత్రం, అది మా చెల్లెలనీ, పాట నాదనీ చెప్పాను.

కళ్ళంలో ఇప్పుడు పాడేవాళ్ళు తక్కువయ్యారు, తలా ఒక చెవిలో ఫోను పెట్టుకుని ఏరుతున్నారు. బెల్లం ముడివేసుకునే కొంగులూ లేవు. అప్పుడు తాలు కాయ విసిరినావిడ ఎదురుగా కూర్చుని ఉండేది, విసిరిన చేత్తోనే మధ్యాహ్నం మన కంచంలో పచ్చడి వేసేది. ఇప్పుడు విసిరేవాడి ముఖం ఎలా ఉంటుందో తెలియదు, వాడు అన్నం తిన్నాడో లేదో కూడా తెలియదు. పెద్దమ్మ ఉండి ఉంటే నా దగ్గుతో సహా విని ఏమనేదో అనిపిస్తుంది. బెల్లం ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఇంకో కాయ విసిరినా ఈసారి ఇంటికి పరుగెత్తను, బిందె తీసుకుని బావికి నేనే వెళతాను.